పక్కా ఇంటికి మరమ్మతు పద్దు

ఎండాకాలం చివర్లో మా అవ్వ ఇంటి మిద్దె మీదికి చవుడు మోసేవాళ్లం. ఊరి బయట చౌడు నేలలో తవ్విన మట్టిని బండిలో తెచ్చి వాకిట్లో కుప్ప పోసేవారు. అక్కడి నుంచి గంపలకెత్తి, నిచ్చెన మీద చేయి మార్చి చేయి అందిస్తే, పైనున్నవాళ్లు వెలుతురు కోసం మిద్దెలో వదిలిన గవాక్షి చుట్టూ జాగ్రత్తగా పరిచేవారు. సమంగా నెరిపి, నీళ్లు చల్లి, చెక్కతో కొట్టేవారు. మొదటి వాన పడిన రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. అందరి చూపూ దంతెల సందులమీదే. ఎక్కడైనా ఒక చుక్క కింద పడితే అవ్వ ఆ చోట చెంబు పెట్టి గుర్తుంచుకునేది. తెల్లవారగానే సరిగ్గా దానికి పైన ఇంకో గంప చవుడు పడేది. మరమ్మతు అంటే అంతే.

చవుడే ఎందుకు? ఆ మట్టిలో సోడియం లవణాలు ఎక్కువ. తడి తగలగానే అవి మట్టి రేణువులను విడదీస్తాయి, ఆ సన్నని రేణువులు సందులన్నీ పూడ్చేస్తాయి, నీళ్లు కిందికి దిగవు. ఏ పైరూ మొలవని నేల మిద్దెకు వానకోటు అయింది. కడప, కర్నూలు పల్లెల్లో రాతిగోడలు, దూలాలు, దంతెలు, పైన చవుడు వేసిన మిద్దెలు తరాల తరబడి నిలబడ్డాయంటే, ఏటా ఇంటిల్లిపాదీ ఒకరోజు వాటి కోసం వంగినందువల్లే. ఆ ఇంటికి మరమ్మతు డబ్బు ఎవరిస్తారని ఎవరూ అడగలేదు. మట్టి ఊరిది, చేతులు ఇంట్లోవి.

ఇప్పుడు అదే పల్లెల్లో సిమెంటు ఇటుకలతో, బూడిద ఇటుకలతో కట్టిన ఇళ్లే ఎక్కువ కనిపిస్తాయి. వాటిలో కొన్నింటికి నాలుగైదేళ్లకే పెచ్చులూడుతున్నాయి, గోడ అడుగున వేలు పెట్టి రాస్తే పొడి రాలుతోంది. ఈ గోడకు గంప మట్టి మందు కాదు. డబ్బు కావాలి. ఆ డబ్బు సర్కారు లెక్కల్లో ఏ పద్దు కింద ఉందో వెతుక్కుంటూ పోతే ఇటుక కథ, ఇంటి పథకాల కథ రెండూ కలిసే వచ్చాయి.

ముందు పథకాల సంగతి. ఇందిరా ఆవాస్ యోజన 1985-86లో ఒక ఉపాధి పథకంలో భాగంగా మొదలై, 1996 జనవరి 1 నుంచి విడి పథకమైంది. మొదట్లో అది కొత్త ఇంటికే. 1999లో ఒక మంచి మార్పు వచ్చింది. నిధుల్లో 20 శాతం, ఉన్న కచ్చా ఇళ్లను బాగుచేసుకోవడానికి కేటాయించాలన్నారు. ఇంటికి 10,000 రూపాయలు. 2004లో అది 12,500 అయింది, 2008లో 15,000 అయింది. పేదవాడి ఇంటి మరమ్మతుకు ఈ దేశం ఒక పద్దు రాయడమంటే నా దృష్టిలో చిన్న విషయం కాదు. కానీ అందులో ఒక మెలిక ఉంది. ఆ డబ్బు కచ్చా ఇంటిని పక్కా చేయడానికి. పక్కా అయిపోయిన ఇల్లు పాడవుతుందని ఆ కాగితం ఊహించలేదు. తర్వాత 2016లో దాని స్థానంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ వచ్చింది, మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షలు ఇచ్చింది, మరమ్మతు వాటా మాత్రం అందులో లేదు.

‘పక్కా’ అనే మాట ఫైలులో ఒకసారి పడితే ఆ కుటుంబం జాబితాలోంచి శాశ్వతంగా బయటికి పోతుంది. గోడ దేంతో కట్టారు, ఆ ఇటుక ఎన్నాళ్లుంటుంది అనే ప్రశ్న ఆ తర్వాత ఎవరూ వేయరు.

ఇక ఇటుక. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలం కలమల్ల అంటే తెలుగువాళ్లకు గుర్తుకు రావాల్సింది శాసనం. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు వేయించిన, క్రీ.శ. 575 ప్రాంతానిదని చెప్పే తొలి తెలుగు శాసనం అక్కడి గుడిలోనే దొరికింది. రాతి మీద రాసిన మాట పద్నాలుగు వందల ఏళ్లు నిలిచిన ఊరు అది. ఆ ఊరి పక్కనే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం లేచింది. 1994లో మొదటి యూనిట్ నడిచింది, ఇప్పుడు దాని సామర్థ్యం 1,650 మెగావాట్లు. మన దేశపు బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. పొగగొట్టంలోకి ఎగిరే సన్నని బూడిదను విద్యుత్తుతో ఆకర్షించి పట్టే యంత్రాలు ఉంటాయి. పట్టిన బూడిద గుట్టలవుతుంది. గాలి వీస్తే చుట్టుపక్కల పొలాల మీద, మిద్దెల మీద పడుతుంది.

ఆ బూడిద ఇటుకగా మారడం వెనుక ఉన్న రసాయనం మన పెద్దలకు కొత్త కాదు. గానుగలో సున్నం నూరి, అందులో ఇటుక పొడి కలిపి గచ్చు చేసేవారు. కాలిన మట్టిలోని సిలికా, సున్నంతో నీటి సమక్షంలో నెమ్మదిగా కలిసి రాయిలా బిగుస్తుంది. ఇటలీలోని పొజువోలీ దగ్గర అగ్నిపర్వతపు బూడిదతో రోమన్లు చేసిందీ ఇదే. అందుకే ఇలాంటి పదార్థాలన్నిటికీ పొజోలానా అని పేరు. బొగ్గు మంటలో కాలి వచ్చిన బూడిదా ఆ కోవలోదే.

దీన్ని పేదవాడి ఇటుకగా మలిచిన పనిలో విశాఖపట్నానికి చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞుల పేర్లు చెప్పుకోవాలి. వాళ్లు నెలకొల్పిన సంస్థ ఇన్‌స్వారెబ్. ఘన వ్యర్థాల మీదే వాళ్ల పరిశోధన. బూడిద, సున్నం, జిప్సం మూడూ సరైన పాళ్లలో కలిపితే కొలిమి అక్కర్లేకుండానే ఇటుక గట్టిపడుతుందని చూపించి, దానికి ఫాల్-జి అని పేరు పెట్టారు. మంచి సున్నం దొరకని చోట సిమెంటు వేసినా ఆ పని జరుగుతుందన్నారు. ఇక్కడ జిప్సం చేసే మేలు చాలా పెద్దది. బూడిద, సున్నం రెండే ఉంటే తొలి రోజుల్లో ఇటుక చేతికి ఎత్తుకోలేనంత మెత్తగా ఉంటుంది, జిప్సం ఆ తొలి బలాన్ని ఇస్తుంది. బట్టీ లేదు, కట్టె లేదు, బొగ్గు లేదు, చెరువు మట్టి తవ్వకం లేదు. కాల్చే ఇంధనం మిగిలిన లెక్కన ప్రపంచ బ్యాంకు కార్బన్ నిధి కూడా ఈ ఇటుకల తయారీదారులకు డబ్బు చెల్లించింది. తెలుగు నేల మీద పుట్టిన ఆవిష్కరణల్లో సామాన్యుడి గోడ దాకా వచ్చినవి తక్కువ, ఇది వచ్చింది.

చట్టం కూడా తోడైంది. 1999 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. థర్మల్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు మట్టి ఇటుకలు చేసేవాళ్లు కనీసం 25 శాతం బూడిద కలపాలన్నది. 2003లో ఆ పరిధి 100 కిలోమీటర్లయింది, 2016లో 300 అయింది. అంటే కలమల్ల బూడిద కడపనే కాదు, కర్నూలును కూడా చుట్టేసింది. దారి పొడవునా ఇటుకల యార్డులు లేచాయి. క్రషర్ డస్ట్, చిప్స్‌తో సిమెంటు బ్లాకులు పోసేవాళ్లు వీళ్ల పక్కనే కొట్లు తెరిచారు.

ఇటుక మంచిదే. చెడింది మనం దాన్ని చేసే పద్ధతిలో.

ప్రొద్దుటూరు వైపు దారిలో ఒక యార్డు దగ్గర ఏప్రిల్ మధ్యాహ్నం ఆగాను. ప్రెస్ నుంచి ఇటుకలు దిగుతున్నాయి, బూడిదరంగులో, అంచులు కత్తితో కోసినట్టు చక్కగా. రెండు రోజుల కిందటివి పక్కన పేర్చి ఉన్నాయి. అప్పటికే తెల్లబడి పొడిపొడిగా ఉన్నాయి. బోరు ఎండిపోయింది, రోజు మార్చి రోజు ట్యాంకరు వస్తుందని అక్కడి అమ్మ చెప్పింది. ఆమె చేతిలో పైపు ఉంది, పైపులో నీళ్లు లేవు. ఒక ఇటుక అంచును బొటనవేలి గోరుతో గీశాను. గీత పడింది, పొడి గోట్లోకి వచ్చింది. ఆ ఇటుకలకు లారీ అప్పటికే వచ్చి నిలబడి ఉంది.

బూడిద, సున్నం కలిసి రాయి కావడం నిదానమైన పని. తడి ఉన్నంతకాలమే అది సాగుతుంది. ఎండి తేమ పోతే ఆ పని ఆగిపోతుంది, లోపల పిండి పిండిగానే మిగిలిపోతుంది. పైకి మాత్రం గట్టిగా కనిపిస్తుంది. సిమెంటు బ్లాకులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 2185 ప్రకారం కనీసం 14 రోజులు తడపాలి, తర్వాత నాలుగు వారాలు ఆరనివ్వాలి, ఆపైనే గోడలోకి రావాలి. తడిగా ఉన్న బ్లాకుతో గోడ కడితే అది గోడలోనే ఎండి కుంచించుకుని నెర్రెలిస్తుంది. తాగడానికే నీళ్లు మోసుకునే చోట ఇటుకకు పద్నాలుగు రోజుల నీళ్లు ఎవరు పెడతారు? కరువు సీమలో ఇటుక చెడటానికి నేను చూసిన మొదటి కారణం నీళ్ల కరువే. సిమెంటు తగ్గించడం, మట్టి కలిసిన డస్టు వాడటం, ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లతో కలపడం ఆ తర్వాత వస్తాయి.

అయితే గోడ పగిలిన ప్రతిచోటా నేరం ఇటుకది కాదు. కోవెలకుంట్ల, నంద్యాల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేలలు తడిస్తే ఉబ్బుతాయి, ఎండితే కుంగుతాయి. పునాది లోతుకు పోకపోతే కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట పడుతుంది. ఆ బీట దగ్గర ఇటుక గట్టిగానే ఉంటుంది. ఇటుకే చెడితే తీరు వేరు. వల అల్లినట్టు సన్నని నెర్రెలు, పెచ్చులు, చేతిలో పొడి. మరమ్మతుకు డబ్బివ్వాలంటే ముందు ఈ రెంటినీ వేరు చేసి చెప్పగలగాలి. పరీక్ష లేకుండా పద్దు పుట్టదు.

పరీక్ష నుంచి పద్దు ఎలా పుడుతుందో చూడాలంటే ఐర్లండ్ వెళ్లాలి. ఆ దేశపు వాయవ్య మూలన డోనెగల్ అనే జిల్లా ఉంది. గృహనిర్మాణం జోరుగా సాగిన కాలంలో అక్కడ వేలాది ఇళ్లు కాంక్రీటు బ్లాకులతో కట్టారు. కొన్నేళ్లకు గోడలు పగిలి, చేత్తో పట్టుకుంటే చూర్ణమయ్యే స్థితికి వచ్చాయి. ప్రభుత్వం 2016లో నిపుణుల సంఘాన్ని వేసింది, 2017లో నివేదిక వచ్చింది. డోనెగల్ బ్లాకుల్లో దోషి అభ్రకం అన్నారు. గూడూరు వైపు గనుల్లో తవ్వేది, మన పిల్లలు ఇసుకలో మెరిస్తే ఏరుకుని కాకిబంగారం అనేది, అదే. దాని పలకలు నీటిని పట్టుకుంటాయి, సిమెంటుతో సరిగ్గా అంటుకోవు. మాయో అనే ఇంకో జిల్లాలో దోషి పైరైటు. తర్వాతి పరిశోధనలు డోనెగల్లో కూడా పిరోటైట్ అనే ఇనుప గంధక ఖనిజానిదే అసలు పాత్ర అన్నాయి. అమెరికాలోని కనెక్టికట్లో, కెనడాలోని త్రువా-రివియేర్లో ఇళ్ల పునాదులను తిన్నదీ ఆ ఖనిజమే.

అక్కడివాళ్లు చేసిన పనుల వరుస గమనించండి. 2018లో ముందు ఒక ప్రమాణం రాశారు. కట్టేసిన ఇంటి గోడ నుంచి ముక్క తీసి, ఏం పరీక్షలు చేసి, దెబ్బ ఎంతుందో ఎలా తేల్చాలో అందులో ఉంది. బయటి వరస బ్లాకులు మార్చడం నుంచి ఇల్లంతా కూల్చి కట్టడం దాకా ఎవరికి ఏ చికిత్సో కూడా అందులోనే ఉంది. ఆ తర్వాత 2020లో సాయం పథకం వచ్చింది. ఖర్చులో 90 శాతం సర్కారుది, 10 శాతం ఇంటివాళ్లది. ఆ పది శాతమూ, ముందస్తు పరీక్షల ఖర్చూ మోయలేక జనం 2021 జూన్‌లో, అక్టోబరులో డబ్లిన్ వీధుల్లోకి వచ్చారు. 2022లో చట్టమే చేశారు. ఖర్చు మొత్తం సర్కారే భరిస్తుందన్నారు, అప్పట్లో ఒక ఇంటికి గరిష్ఠంగా 4,20,000 యూరోలు. మన లెక్కలో మూడు కోట్ల రూపాయల పైమాటే. ఆ డబ్బులో కొంతైనా రాబట్టడానికి 2023 సెప్టెంబరు 1 నుంచి కాంక్రీటు బ్లాకుల మీద 5 శాతం సుంకం వేశారు.

కడపలో, కర్నూలులో ఆ స్థాయి డబ్బు అడగడం లేదు, మంచు గడ్డకట్టి గోడలు పగిలే చలీ మనకు లేదు. అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది ఒక్కటే. ఇల్లు కట్టుకున్నవాడి తప్పు లేకుండా గోడలోని సరుకు చెడితే, ఆ బాధ్యత వాడి ఒక్కడి నెత్తిన వేయకూడదన్న ఒప్పుదల.

మన దగ్గర ఇప్పుడున్న దారులు చూద్దాం. ఒకటి విపత్తు సాయం. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి కర్నూలును ముంచినప్పుడూ, 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు రాజంపేట వైపు పల్లెలను ఊడ్చేసినప్పుడూ ఇళ్లు పోయినవాళ్లకు సాయం అందే దారి ఇదే. 2022-26 నిబంధనల ప్రకారం ఇల్లు పూర్తిగా పోతే మైదానంలో 1.20 లక్షలు. పక్కా ఇల్లు కనీసం 15 శాతం దెబ్బతింటే 6,500 రూపాయలు. కచ్చా ఇల్లయితే 4,000. మరమ్మతుకని పక్కా ఇంటికి వచ్చే సొమ్ము ఇదే, అదీ వరదో గాలివానో వస్తేనే. లోపలి నుంచి నిదానంగా పొడి అవుతున్న గోడ ఆ విపత్తుల జాబితాలో లేదు.

రెండోది ఇంటి పథకాల్లో అదనపు సాయం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న ఇళ్ల పట్టాలు పంచి, ఊళ్లో సెంటున్నర, పట్టణంలో సెంటు స్థలంలో 1.80 లక్షల ఖర్చుతో ఇళ్లు మొదలుపెట్టారు. ఆ డబ్బుకు గోడ లేపాలంటే ఇంటివాడు అందరికంటే చవకగా ఇచ్చే యార్డు వైపే చూస్తాడు, అది అతని తప్పు కాదు. సగంలో ఆగిన ఇళ్ల కోసం 2025 మార్చిలో బీసీ, ఎస్సీలకు 50,000, ఎస్టీలకు 75,000, ఆదిమ గిరిజనులకు లక్ష అదనంగా ప్రకటించారు. ఇది మంచి నిర్ణయం. 1.80 లక్షలు చాలలేదని సర్కారు ఒప్పుకున్నట్టే. అయితే ఆ అదనం పూర్తికాని ఇంటికే. పూర్తయి, పగిలిన ఇల్లు ఇక్కడా లెక్కలోకి రాలేదు.

మూడోది కోర్టు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సరుకు లోపానికి తయారుచేసినవాడే బాధ్యుడని స్పష్టంగా ఉంది. జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, రెండేళ్ల గడువు ఉంది. కానీ బిల్లేదీ? ఇటుకలు ట్రాక్టరు లోడు లెక్కన వస్తాయి, తెల్లకాగితం మీద అంకె వేసి సంతకం లేకుండా ఇస్తారు. యార్డు పేరు కూడా ఉండదు.

ఇంటి బిల్లు దశలవారీగా వస్తుంది. బేస్‌మెంటుకు ఒకసారి, రూఫ్ లెవెల్‌కు ఒకసారి, శ్లాబుకు ఒకసారి. ప్రతి దశలో హౌసింగ్ ఏఈ వచ్చి ఫొటో తీస్తారు. ఆ ఫొటో గోడ ఎత్తు చెబుతుంది, గోడ బలం చెప్పదు. అదే ఫైలులో ఇంకో కాగితం పెట్టమనడం పెద్ద కోరికేమీ కాదు. ఆ లోడు ఏ యార్డుది, దాని నమూనా ఎంత బరువుకు పగిలింది అని. కడపలో, కర్నూలులో, ప్రొద్దుటూరులో, పులివెందులలో సివిల్ విభాగాలున్న ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఇటుకను నొక్కి చూసే యంత్రం ప్రతి కాలేజీ ల్యాబులోనూ ఉంటుంది. కాలనీకో నమూనా పంపడానికి కావలసింది ఒక ఉత్తరువు. ఇప్పటికే పాడైన ఇళ్లకు, ఆ కాలేజీల పరీక్షలో ఇటుకదే దోషమని తేలిన ఇళ్లకు, 1999లో కచ్చా ఇళ్ల కోసం పెట్టినట్టే నిధుల్లో ఒక వాటా పెట్టాలి. అప్పుడు కచ్చాకు దక్కింది ఇప్పుడు పక్కాకు ఎందుకు దక్కకూడదో నాకు అర్థం కాదు.

ఆ ఉత్తరువు వచ్చేలోపు ఇల్లు మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. లోడు దించకముందే నాలుగు ఇటుకలు అడగండి. రెంటిని ఒకదానికొకటి తట్టండి, ఖణేల్‌మనాలి. ఒకటి నడుం ఎత్తు నుంచి వదలండి, రెండు ముక్కలైతే ఆ లోడు వద్దనమని బేల్దారులే చెబుతారు. నాలుగోదాన్ని ఎండలో బాగా ఆరనిచ్చి తూచి, బకెట్ నీళ్లలో ఒక పగలు ఒక రాత్రి నానబెట్టి మళ్లీ తూచండి. ప్రమాణం ప్రకారం మామూలు తరగతి బూడిద ఇటుక తన బరువులో 20 శాతం కన్నా ఎక్కువ నీరు తాగకూడదు. పొడిగా మూడు కిలోలున్న ఇటుక నానాక మూడు కిలోల ఆరు వందల గ్రాములు దాటితే ఆ లోడు వెనక్కి పంపండి. సిమెంటు బ్లాకయితే పది శాతమే హద్దు. బిల్లు మీద యార్డు పేరు, తేదీ రాయించుకుని పట్టా కాగితాలతో పాటు దాచండి.